నీళ్ల టైల్ కట్టర్: వేళ్లు, ఊపిరి, టైలు మూడూ దక్కాలంటే

టైల్స్ పని జరిగే ఇళ్లలో తరచూ కనిపించేది ఇదే. ఒకరు నాలుగంగుళాల చేతి కట్టర్ పట్టుకుని నేల మీద గొంతుకూర్చుని కోస్తుంటారు. పక్కన ఇంకొకరు మూతకు కన్నం పెట్టిన ప్లాస్టిక్ సీసాతో నీళ్లు పోస్తుంటారు. చాలాచోట్ల ఆ నీళ్లు కూడా ఉండవు, ఇల్లంతా తెల్లటి దుమ్ము. ఈ పనిని బల్ల మీదికి ఎక్కించి, నీళ్లు తనంతట తానే తీసుకునేలా చేసిన మిషనే వెట్ టైల్ కట్టర్. వాడకం తెలిస్తే చేతి కట్టర్ కన్నా ఎంతో భద్రమైనది. తెలియకపోతే కరెంటు, నీళ్లు, తిరిగే బ్లేడు మూడూ ఒకే బల్ల మీద ఉన్నాయన్న మాట.

ఇవి రెండు రకాలు. చవకగా దొరికే చిన్న మిషన్లో మోటారు బల్ల కింద ఉంటుంది. బ్లేడు బల్ల చీలికలోంచి పైకి వస్తుంది, దాని అడుగు భాగం కింది తొట్టిలోని నీళ్లలో మునిగి తిరుగుతుంది. టైలును మనమే బల్ల మీద నెట్టాలి. పెద్దవాటిలో బ్లేడు పైన ఉంటుంది. కూలర్లో ఉండేలాంటి చిన్న పంపు తొట్టిలోంచి నీళ్లు తోడి బ్లేడు మీద పోస్తుంది. కొన్నిట్లో టైలున్న ట్రాలీ కదులుతుంది, కొన్నిట్లో మోటారే రెయిలు మీద జరుగుతుంది. ఎక్కువ టైల్స్ ఉంటే, అందులోనూ 600 × 1200 మి.మీ. విట్రిఫైడ్ (సిరామిక్ కన్నా గట్టి రకం) అయితే, రెండో రకమే మేలు. చిన్న బల్ల మిషన్ మీద అంత పెద్ద టైలును తిన్నగా నడపడం అనుభవజ్ఞులకూ కష్టమే.

అసలు ఈ మిషన్ కావాలా అన్నది ముందు చూసుకోండి. వంటింటి, బాత్రూం గోడల మామూలు సిరామిక్ టైలును అడ్డంగా తిన్నగా కోయడానికి చేతితో గీసి విరిచే కట్టర్ చాలు. దుమ్ము లేదు, కరెంటు లేదు, నిమిషంలో పని అయిపోతుంది. నీళ్ల మిషన్ అవసరమయ్యేది సన్న బద్దలకు, ఎల్ ఆకారపు ముక్కలకు, 45 డిగ్రీల అంచులకు, గ్రానైట్‌కు, కడప రాయికి, తాండూరు బండకు.

బ్లేడు కోయదు, అరగదీస్తుంది

ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. టైల్ బ్లేడుకు రంపంలా పళ్లుండవు. ఉక్కు బిళ్ల అంచున లోహపు పొడితో కలిపి వజ్రపు రేణువులు అతికి ఉంటాయి. ఆ రేణువులు టైలును గీరి పొడి చేస్తాయి. పైనున్నవి అరిగి రాలుతుంటే, వాటిని పట్టుకున్న లోహమూ అరిగి, కింది కొత్త రేణువులు బయటికొస్తాయి. దీనికి సమయం కావాలి. మీరు నెట్టిన కొద్దీ కోత వేగం పెరగదు. బ్లేడు వేడెక్కి వంగుతుంది, మోటారు మూలుగుతుంది, టైలు చిట్లుతుంది, పట్టు జారిన చెయ్యి బ్లేడు వైపు పోతుంది. 10 మి.మీ. మందమున్న రెండడుగుల విట్రిఫైడ్ టైలుకు సుమారు నిమిషం, నిమిషంన్నర పట్టనివ్వండి. సిరామిక్ ఇంకాస్త త్వరగా తెగుతుంది. మోటారు శబ్దం ఒకే స్థాయిలో సాగితే మీ వేగం సరిపోయినట్టు. శబ్దం కుంగితే చెయ్యి వదులు చేయండి.

పళ్లు లేవని అలుసు కూడా వద్దు. 180 మి.మీ. బ్లేడు నిమిషానికి 2,950 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 100 కిలోమీటర్లు. చర్మాన్ని అది మెల్లగా తాకినట్టే అనిపించవచ్చు, కానీ బలంగా అదిమితే ఎముక దాకా పోతుంది.

టైల్స్‌కు అంచంతా ఒకే పట్టీలా ఉన్న బ్లేడే వాడండి. మధ్యమధ్య గాళ్లున్న బ్లేడు కాంక్రీటుకు, మందపు రాళ్లకు. దాంతో టైలు కోస్తే మెరుపు వైపు పెచ్చులు లేస్తాయి. పెట్టె మీద 'పోర్సిలిన్' లేదా 'విట్రిఫైడ్' అని ఉందో లేదో చూడండి. సిరామిక్ కోసం చేసిన చవక బ్లేడు విట్రిఫైడ్ మీద నాలుగు కోతలకే నున్నగా అయిపోతుంది.

బిగించే ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపడం సరిపోదు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. మధ్య కన్నం ఇరుసుకు సరిగ్గా పట్టాలి. నాలుగంగుళాల చేతి కట్టర్ బ్లేడుకు సాధారణంగా 20 మి.మీ. ఉంటుంది, 180 మి.మీ. బ్లేడులకు 25.4 మి.మీ. తరచుగా ఉంటుంది. కన్నం పెద్దదైతే బ్లేడుతో వచ్చిన రింగు వేయాలి గానీ, వైరు చుట్టో రేకు మడిచో సరిపెట్టకూడదు. అలాంటి బ్లేడు ఊగుతూ తిరిగి పగులుతుంది. బ్లేడుకు రెండు వైపులా ఉండే ఫ్లాంజి బిళ్లలను బట్టతో తుడవండి. వాటి మధ్య ఎండిన బురద రేణువు ఒక్కటి చిక్కినా కోత వంకర పోతుంది. బ్లేడు మీది బాణం, మిషన్ మీది బాణం ఒకే వైపు ఉండాలి. కొన్ని మిషన్లలో నట్టు మరలు ఎదురు దిశలో ఉంటాయి. విప్పేముందు పుస్తకం చూడండి, లేకపోతే విప్పుతున్నామనుకుంటూ బిగించేస్తారు.

బిగించాక చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి, ఎక్కడా రాసుకోకూడదు. బ్లేడును కప్పే గార్డు వేసి, ప్లగ్గు పెట్టి, బ్లేడు వరుసలో కాకుండా పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. వణుకు కనిపిస్తే ఆపండి. అంచులో పగులు, పోయిన ముక్క, నీలం రంగు తిరిగిన ఉక్కు వీటిలో ఏది కనిపించినా ఆ బ్లేడు చెత్తబుట్టకే. నాలుగు వందల రూపాయల బ్లేడును పొదుపు చేయబోయి కంటి మీదికి తెచ్చుకోవద్దు.

నీళ్లు, కరెంటు

ఈ మిషన్‌తో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. కడుతున్న ఇంట్లో కరెంటు తాత్కాలికంగా ఉంటుంది, చాలాసార్లు ఎర్తు ఉండదు. ప్లగ్గు లేని వైరు కొసలను సాకెట్లో గుచ్చి అగ్గిపుల్లలతో బిగించడం మన పనుల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. నీళ్ల మిషన్‌కు ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. దీనికి మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తు, ఆ లైను మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. లోడు మించితే పడిపోయే ఎంసీబీ ఉంది కదా అనుకోకండి. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. గుండె ఆగడానికి సరిపడే కరెంటుకు అది కదలనైనా కదలదు. ఆర్‌సీసీబీ మీద 'టెస్ట్' బటన్ ఉంటుంది. పని మొదలుపెట్టే రోజున దాన్ని నొక్కండి. టప్పున పడితేనే అది బతికున్నట్టు. సైటులో అది లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాకే మిషన్ తీయండి.

ఎక్స్‌టెన్షన్ వైరు మూడు కోర్లది, అతుకులు లేనిది కావాలి. మందం 1.5 చదరపు మి.మీ. కన్నా తగ్గకూడదు. 15 మీటర్లు దాటితే 2.5 వాడండి. చుట్ట పూర్తిగా విప్పండి, చుట్టగా ఉన్న వైరు లోడు పడితే వేడెక్కుతుంది. వైరును మిషన్ నుంచి ముందు కిందికి వేలాడేసి, అక్కడి నుంచి పైకి ఎత్తి సాకెట్‌కు తీసుకెళ్లండి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపులోనే చుక్కలుగా రాలిపోతాయి, ప్లగ్గు దాకా చేరవు. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద కాకుండా కుర్చీ మీదో కిటికీ గట్టు మీదో ఉండాలి. మీరు నిలబడేది పొడి చెక్క మీద, రబ్బరు అడుగున్న మూసిన బూట్లలో, చెప్పుల్లో కాదు. కోసిన టైలు ముక్క కాలి మీద పడితే దాని అంచు గాజుముక్కతో సమానం.

అమెరికాలో ఇల్లు బాగుచేసుకుంటూ ఈ మిషన్ అద్దెకు తెచ్చుకునేవారికి ఒక మాట. అక్కడి 120 వోల్టుల లైను మీద ఈ పనికి జీఎఫ్‌సీఐ సాకెట్టే (ఆర్‌సీసీబీలా లీకైతే ఆగిపోయేది) వాడండి. మిషన్ వైరుకే ఆ బాక్సు ఉంటే అడ్డంగా ఉందని తీసేయొద్దు. అది సుమారు 5 మిల్లీఆంపియర్లకే ఆగిపోయేంత సున్నితమైనది.

ఇక నీళ్లు బ్లేడును చల్లబరచడానికే అనుకుంటారు. ఊపిరితిత్తుల కోసం అవి ఇంకా ముఖ్యం. టైల్స్‌లో, గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. దాన్ని పొడిగా కోస్తే వచ్చే సిలికా దుమ్ములో ప్రమాదకరమైన రేణువులు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. ముక్కుకు కట్టిన కండువా వాటిని ఆపదు. ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు పెట్టే సిలికోసిస్ నయం కాదు, పైగా క్షయ వచ్చే ముప్పునూ పెంచుతుంది. మన దేశంలో ఇది ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. వంటింటి గట్లకు వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో చాలావాటిలో సిలికా 90 శాతం పైన ఉంటుంది. వాటిని పొడిగా ఎప్పుడూ, ఎక్కడా కోయొద్దు. తడి కోతలో దుమ్ము చాలా తగ్గుతుంది కానీ తుంపర్లలో కొంత ఉంటుంది. గదిలో పని చేస్తే ఎన్95 మాస్కు పెట్టుకోండి, వీలైతే మిషన్‌ను వరండాలోకి మార్చండి.

తొట్టిలో నీళ్లు గుర్తు దాకా ఉండాలి. చిన్న మిషన్లో బ్లేడు అడుగు మునగాలి, పంపు మిషన్లో పంపు పూర్తిగా మునగాలి. మోటారు వేశాక బ్లేడు రెండు వైపులా నీళ్లు పడుతున్నాయని చూసి, ఆ తర్వాతే టైలు తాకించండి. కోస్తుండగా నీళ్లు ఆగిపోతే మీరూ ఆగండి. నీళ్లు చిక్కటి పాలలా మారితే మార్చేయండి. ఆ బురద బ్లేడును సరిగా చల్లబరచదు, పంపును అరగదీస్తుంది, సన్న గొట్టాన్ని మూసేస్తుంది.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు, చెవులకు మఫ్ లేదా ప్లగ్గులు పెట్టుకోండి. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే, అది చెవిని పాడుచేసే శబ్దమే. భుజం మీది తువ్వాలు, వదులు చొక్కా చేతులు, లుంగీ, చున్నీ, మెడలో గొలుసు, చేతి కంకణం, మణికట్టు తాడు, గాజులు, ఉంగరం అన్నీ తీసేయాలి. జుట్టు ముడివేయాలి. గ్లవ్స్ విషయంలో చాలామంది పొరబడతారు. తిరిగే బ్లేడు దగ్గర వదులుగా ఉన్న బట్ట గ్లవ్స్ వద్దు, కొస చిక్కితే చేతినే లాగేస్తుంది. మిషన్ ఆగాక కోసిన ముక్కలు ఎత్తేటప్పుడు మాత్రం గ్లవ్స్ కావాలి, ఆ అంచులకు వేళ్లు తెగుతాయి.

కోత

గీటు మెరుపు వైపే గీయండి. ఈ మిషన్లలో బ్లేడు మీ వైపు అంచు పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి మెరుపు వైపు పైకి ఉంటే పెచ్చులు తక్కువ. మార్కర్ గీటు నీళ్లకు చెరిగిపోతుంది. పేపర్ టేపు అంటించి దాని మీద పెన్సిల్‌తో గీస్తే నిలుస్తుంది, అంచు చిట్లడమూ తగ్గుతుంది. బ్లేడు మందం సుమారు 2 మి.మీ. ఆ మేరకు టైలు పొడైపోతుంది. అందుకే బ్లేడు గీటుకు పారేసే ముక్క వైపు ఉండాలి.

మూలమట్టంతో గైడు పట్టీని సరిచూడండి. బల్ల మిషన్లో పట్టీకి, బ్లేడు ముందు కొసకు ఉన్న దూరాన్ని, వెనక కొసకు ఉన్న దూరాన్ని టేపుతో కొలవండి. వెనక అర మిల్లీమీటరు తక్కువున్నా టైలు బ్లేడుకూ పట్టీకీ మధ్య నలిగి, ఒక్కసారిగా మీ మీదికి ఎగదన్నుతుంది. గార్డును టైలుకు 3 మి.మీ. ఎత్తుకు దించండి. బల్ల మిషన్లో బ్లేడు టైలు మందం కన్నా ఓ 5 మి.మీ. పైకి ఉంటే చాలు.

బ్లేడు వరుసకు ఒక పక్కగా నిలబడండి. మోటారు వేసి, పూర్తి వేగం అందుకున్నాక, నీళ్లు వచ్చాక టైలును మెల్లగా తాకించండి. మొదటి అంగుళం మరీ మెల్లగా. రెండు అరచేతులూ బ్లేడుకు కనీసం 15 సెం.మీ. దూరంలో, ఒక్కోటి ఒక్కో వైపు పెట్టి, తిన్నగా ముందుకు మాత్రమే నెట్టండి. లోపలికి ఒత్తితే తెగిన గాడి మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. గీటు తప్పిందని మధ్యలో టైలును తిప్పొద్దు. ఆపి, బ్లేడు నిలిచాక వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి.

చివరి రెండంగుళాల్లోనే మూల విరిగేది. మిగిలిన కొద్ది భాగం టైలు బరువును మోయలేక తెగిపోతుంది. దీనికో పద్ధతుంది. అవతలి కొస నుంచి ముందే అంగుళంన్నర కోసి, టైలును తిప్పి, ఇవతలి నుంచి వచ్చి ఆ గాడిలో కలిపేయండి. పెద్ద టైల్స్‌కు ఇంకో అవసరం ఆసరా. 600 × 1200 మి.మీ. టైలు దాదాపు 15 కిలోలు ఉంటుంది. బల్ల బయటికి వేలాడే భాగం కింద అదే ఎత్తులో స్టూలో బల్లో పెట్టండి. పక్కన మనిషి ఉంటే అతను కింద నుంచి మోయాలి గానీ లాగకూడదు, ఎత్తకూడదు.

కోత అయ్యాక స్విచ్ ఆపండి. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. నిలిచేదాకా ముక్క జోలికి పోవద్దు, టైలును బ్లేడు పక్కకు ఆనించి ఆపే ప్రయత్నం చేయొద్దు. బ్లేడు పక్క భాగం దేన్నీ రుద్దడానికి చేసింది కాదు.

సన్న బద్దలే వేళ్లు తీస్తాయి. గోడ అడుగున అంటించే స్కర్టింగ్ మూడు, నాలుగు అంగుళాలది కాబట్టి దాన్ని జాగ్రత్తగానే కోస్తారు. గుమ్మం పక్కన మిగిలే రెండంగుళాల లోపు పట్టీ దగ్గరే తొందరపడి వేలితో పట్టుకుంటారు. అలాంటి ముక్కను చిన్న టైలు ముక్కలోంచి కోయడం కన్నా, పెద్ద టైలు నుంచి బద్ద పక్కకు రాలేలా కోయండి. పెద్ద భాగాన్నే పట్టుకోవచ్చు. తప్పకపోతే టైలును ప్లైవుడ్ ముక్క మీద రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి చెక్కను నెట్టండి. చివర నెట్టేది వేలు కాదు, చెక్క ముక్క.

ఎల్ కోతలో లోపలి మూల దగ్గర విట్రిఫైడ్ టైలు తరచూ పగులుతుంది. లోపలి ఒత్తిడంతా ఆ పదును మూల మీదికే వస్తుంది. ముందు మూలలో 6 లేదా 8 మి.మీ. డైమండ్ బిట్టుతో కన్నం పెట్టి, రెండు కోతలూ ఆ కన్నంలో కలిసేలా చేస్తే పగులు ఆగుతుంది. బ్లేడు గుండ్రంగా ఉండడం వల్ల ఒక వైపు గాడి మూలకు చేరినా రెండో వైపు ఇంకా కొంత మిగిలి ఉంటుందని మరచిపోవద్దు. దాన్ని టైలు తిరగేసి పూర్తిచేయాలి. పైపు దగ్గర గుండ్రటి కోతకు, అంచు నుంచి గీటు దాకా అర అంగుళానికొకటి చొప్పున దువ్వెన పళ్లలా గాళ్లు పెట్టి, ఆ పళ్లను కటింగ్ ప్లయర్‌తో విరిచేయండి. స్విచ్ బాక్సు కోసం టైలు నడుమ చతురస్రం కోయడానికి బ్లేడును పైనుంచి దించడం మాత్రం కొత్తవారు ఈ మిషన్ మీద చేయొద్దు. టైలు ఎగిరిపడే కోత అదే. నాలుగు మూలల్లో కన్నాలు పెట్టి, టైలును క్లాంపులతో బిగించి, నీళ్ల గొట్టం బిగించిన చేతి కట్టర్‌తో కలపడం మేలు.

మెట్లకు, ప్లాట్‌ఫాం అంచులకు 45 డిగ్రీల కోత వేసేటప్పుడు మెరుపు పొర దాకా పోకుండా ఒక మిల్లీమీటరు వదలండి. కత్తిలా పదునుగా పెడితే అంచు అమర్చకముందే రాలిపోతుంది. బ్లేడు వాల్చాక అది ట్రాలీకి తగలడం లేదని ఆపి ఉన్నప్పుడే జరిపి చూడండి.

చేతి కట్టర్ తప్పనప్పుడు

గార్డు పీకేసి పెద్ద బ్లేడు వేయడం, చెక్క రంపం బ్లేడు తగిలించడం చాలా చోట్ల చూస్తాం. నాలుగంగుళాల కట్టర్ నిమిషానికి 12,000 చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగానికి తట్టుకోలేని బ్లేడు చీలితే మొదట తగిలేది పట్టుకున్నవాడి ముఖానికే. సీసాతో నీళ్లు పోస్తే సగం మోటారు గాలి రంధ్రాల్లోకి పోతాయి. కట్టర్‌తో వచ్చే సన్న గొట్టాన్నే బిగించుకోండి, అదీ ఆర్‌సీసీబీ ఉన్న లైను మీదే.

ఏదో తేడాగా ఉందంటే

నీళ్లు బాగా పడుతున్నా నారింజ రంగు మెరుపులు వస్తూ కోత ముందుకు సాగకపోతే బ్లేడు నున్నబడింది. మెత్తటి ఇసుకరాయినో సిమెంటు ఇటుకనో నీళ్లతోనే నాలుగైదు సార్లు కోయండి, లోహం అరిగి వజ్రాలు మళ్లీ తేలతాయి. కోత ఒక పక్కకు వంగుతుంటే వేగంగా నెట్టడమో, ఫ్లాంజి మధ్య మురికో కారణం. పెచ్చులు ఎక్కువైతే బ్లేడు రకం తప్పు లేదా అది అరిగిపోయింది. మోటారు ఊరికే వేడెక్కుతుంటే ముందు ఓల్టేజీ చూడండి, తర్వాత వైరు పొడవు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతుంటే దాన్ని పక్కదారిలో పెట్టకండి. మిషన్లో ఎక్కడో నీళ్లు కరెంటును తాకుతున్నాయని అది చెబుతోంది.

ఎవరికైనా షాకు తగిలితే ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి. కంట్లో పెంకు పడితే రుద్దొద్దు, శుభ్రమైన నీళ్లతో కడగండి. గుచ్చుకుని ఉంటే మాత్రం కడగకుండా, కదల్చకుండా ఆస్పత్రికి పోవాలి. వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి 108కి ఫోన్ చేయండి. తెగిన ముక్కను తడి బట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలి. ముక్కను నేరుగా ఐసులో వేస్తే పాడవుతుంది.

పని ముగిశాక

ప్లగ్గు తీసి, బ్లేడు విప్పి తుడిచి ఆరబెట్టండి. తొట్టి నీళ్లను బాత్రూం రంధ్రంలోనో సింకులోనో పోయొద్దు. ఆ రాతి పొడి పైపు వంపులో పేరుకుని గట్టిపడితే పగలగొట్టడం తప్ప దారి ఉండదు. రాత్రంతా బకెట్లో ఉంచితే మట్టి అడుగున దిగుతుంది. పై తేట నీళ్లు పారబోసి, అడుగు ముద్దను తడిగానే గోనెసంచిలో కట్టి శిథిలాలతో పంపండి. నేల మీద చిందినది ఎండకముందే కడిగేయండి. ఎండాక చీపురు పెడితే, నీళ్లతో ఆపిన దుమ్మంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది. తొట్టిలో మంచి నీళ్లు పోసి రెండు నిమిషాలు పంపు నడిపితే గొట్టం శుభ్రమవుతుంది. రెయిళ్లకు, నట్టుకు ఒక చుక్క నూనె రాసి, పంపు నీళ్లు పూర్తిగా వంపేశాకే మిషన్‌ను పెట్టెలో పెట్టండి.